కీమో తర్వాత ‘ఇమ్యూనిటీ’: ఒక సందేశంలోని నాలుగు పొరపాట్లు

“కీమో మందులు రోగనిరోధక శక్తిని శాశ్వతంగా చంపేస్తాయి, బూస్టర్లు వాడితే అది తిరిగొస్తుంది, కౌంట్ పెరిగితే ఇక భయం లేదు, మధ్యలో జ్వరమొస్తే పారాసిటమాల్ చాలు” అన్న సందేశం చాలామందికి చేరింది. మొదటి మాటలో కొంత నిజం ఉండబట్టే మిగిలిన మూడూ నమ్మేలా కనిపిస్తున్నాయి.

క్యాన్సర్‌కు ఇచ్చే చాలా కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. ఎముక మజ్జలో రక్తకణాలను పుట్టించే కణాలూ ఆ కోవలోవే. వాటిలో న్యూట్రోఫిల్స్ అనే, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు రక్తంలో ఒక రోజుకు మించి ఉండవు గనుక, కొత్తవి రావడం తగ్గితే లోటు ముందుగా వాటిలోనే తెలుస్తుంది. సాధారణంగా మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య వాటి సంఖ్య (కౌంట్) అట్టడుగుకు పడి, 3, 4 వారాలకు కోలుకుంటుంది. అంటే శాశ్వతం కాదు. అయితే ఫ్లుడారాబిన్ లాంటి కీమో మందు తర్వాత టీ లింఫోసైట్లు (మరో రకం తెల్లకణాలు) కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది కాబట్టి, మందు పేరు చెప్పకుండా ‘ఇమ్యూనిటీ’ అని గుండుగుత్తగా మాట్లాడితే ఏమీ చెప్పనట్టే.

ఇమ్యూనిటీ పెంచుతాయనే బూస్టర్ల సంగతి తేలికగానే తేల్చవచ్చు. న్యూట్రోఫిల్స్‌ను నిజంగా పెంచే మందు ఫిల్‌గ్రాస్టిమ్. అమెరికాలో 1991లో దానికి అనుమతి వచ్చింది. దాన్ని కూడా కీమో అయిన 24 గంటల లోపు ఇవ్వరు, ఎందుకంటే అది పురిగొల్పగా విభజన మొదలుపెట్టిన కణాలనే కీమో మందు చంపేస్తుంది. మూలికలన్నీ నిరపాయమనీ అనుకోలేము: సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక, ఇరినోటికాన్ అనే కీమో మందు శరీరంలో క్రియాశీలంగా మారిన రూపాన్ని రక్తంలో తగ్గించేస్తుంది.

కౌంట్ విషయంలో రిపోర్టును చూసే తీరే తప్పు. ఒక మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు 2,000, అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం అని ఉంటే, లెక్కకు వచ్చేది 400 మాత్రమే; 500 కంటే తక్కువైతే తీవ్రమైన లోటు. పైగా వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను ప్రవాహంలోకి వదిలిస్తుంది. అంకె పెరుగుతుంది, రక్షణ పెరగదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది నాలుగో మాట. చీములో అధికభాగం న్యూట్రోఫిల్సే. అవి లేనప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్నా చీము పట్టదు, ఎరుపూ వాపూ అంతగా తేలవు, ఛాతీ ఎక్స్‌రే కూడా మామూలుగా ఉండవచ్చు. చాలాసార్లు మిగిలే ఆనవాలు జ్వరమొక్కటే, పారాసిటమాల్ దాన్నే చెరిపేస్తుంది. నోటి థర్మామీటరులో ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్ కనిపించినా, 38 డిగ్రీలు గంటసేపు నిలిచినా, మాత్ర వేసుకోకముందే చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. అక్కడ యాంటీబయాటిక్ మొదటి డోసు గంటలోపే పడాలన్నది వైద్యులు పాటించే నియమం.