కర్ర ఇచ్చేశాకే కాలు నడిచింది

1951 డిసెంబర్ 24 రాత్రి అమెరికాలోని ఎన్‌బీసీ టెలివిజన్ ‘అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్’ అనే సంగీత నాటకాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసింది. అమెరికాలో టెలివిజన్ కోసమే రాసిన తొలి ఒపెరా అది. రాసి, స్వరపరిచినవారు జాన్ కార్లో మెనోట్టి. ఖర్చు భరించింది శుభాకాంక్షల కార్డులు అమ్మే హాల్‌మార్క్. ఇప్పుడు క్రిస్మస్ టెలివిజన్ సినిమా అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు కూడా ఆ సంస్థదే. దయ, విశ్వాసం అనే మాటలు ఈ సినిమాల ప్రచారంలో తప్పకుండా వినిపిస్తాయి. ఆ రెండింటినీ తెర మీద ఎలా నమ్మించాలో ఆ తొలి నాటకం చూపించింది. తర్వాత వచ్చినవాటిలో చాలా సినిమాలు ఆ మార్గాన్ని వదిలేశాయని నా అభిప్రాయం.

అమాల్ కర్ర ఊతంతో నడిచే పిల్లవాడు. తల్లికి దిక్కులేదు, ఇంట్లో తిండి లేదు. బేత్లెహేములో పుట్టిన శిశువు యేసును వెతుకుతూ, బంగారం కానుకగా పట్టుకుని వెళ్తున్న ముగ్గురు రాజులు ఒక రాత్రి వాళ్ల గుడిసెలో తల దాచుకుంటారు. అందరూ నిద్రపోయాక తల్లి ఆ బంగారం వైపు చూస్తూ, అందులో కొంచెం ఉంటే తన బిడ్డకు ఏం చేయగలదో తలచుకుని, చివరకు చేయి చాస్తుంది, పట్టుబడుతుంది. రాజు మెల్కియోరు ఆమెను శిక్షించడు. తాము వెతుకుతున్న శిశువుకు ఈ బంగారంతో పని లేదు, నువ్వే ఉంచుకో అంటాడు. కథ ఇక్కడే ముగిసినా చూసేవారి కళ్లు చెమర్చేవి. కానీ ఆ తల్లి బంగారం తిరిగి ఇచ్చేస్తుంది. బంగారంతో పనిలేని ఆ శిశురాజుకు తానూ ఏదైనా పంపాలనుకుంటుంది గానీ, పంపడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అప్పుడు అమాల్ తన కర్రను ముందుకు చాస్తాడు. బైబిల్లో, తనకున్న రెండు కాసులనూ కానుకపెట్టెలో వేసిన బీద విధవరాలు గుర్తుకు రాక మానదు. కర్రను చాచిన తర్వాతే కాలు నడుస్తుంది.

ఆ వరుసలోనే అంతా ఉంది. కాలు బాగయ్యాక కర్ర ఇచ్చి ఉంటే అది కృతజ్ఞత అయ్యేది, అదీ మంచిదే. కానీ బాగవుతుందన్న హామీ లేకుండా, రేపు ఎలా నడవాలో తెలియకుండా ఇచ్చాడు కాబట్టి అది విశ్వాసమైంది. (మెనోట్టి చిన్నప్పుడు తన కాలూ పనిచేయలేదనీ, ఇటలీలో ఒక పుణ్యక్షేత్రానికి తీసుకెళ్లాక నయమైందనీ చెప్పుకున్నారు. ఆ దృశ్యంలో తడబాటు లేకపోవడానికి బహుశా అదే కారణం.)

నేటి పండగ సినిమాల్లో ఈ వరుస తరచుగా తలకిందులవుతోంది. ప్రకటనల విరామాలకు తగ్గట్టు కథను ముక్కలు చేయాలి కనుక, నిరాశ ఎప్పుడు రావాలో, మంచు ఎప్పుడు కురవాలో ముందే ఖాయమైపోతుంది. మేలు జరిగిన తర్వాత పాత్రకు నమ్మకం కలుగుతుంది. సాయం చేసినవాడు దేన్నీ పోగొట్టుకోడు; ఇచ్చిన దానికి రెట్టింపు మర్నాడు ఉదయానికే ఇంటికి చేరుతుంది. ఒంటరితనంలో, అనారోగ్యంలో ఇలాంటి సినిమా చూసి ఊరట పొందేవారిని నేను తప్పుపట్టను, ఆ ఊరట నిజమైనదే. అయితే కష్టంలో ఉన్న మనిషికి, ఎదురుచూసిన మేలు ఇంకా అందని వేళ ఎలా నిలబడాలో చూపించే కథ అంతకంటే ఎక్కువ అవసరం.

అలా చూపడానికి పెద్ద నిడివి అక్కర్లేదు. 1965లో సీబీఎస్ ప్రసారం చేసిన ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ అరగంట కార్టూన్ మాత్రమే. అందులో లైనస్ అనే పిల్లవాడు తన దుప్పటిని ఎవరు ఎంత చెప్పినా వదలడు. యేసు పుట్టుక గురించిన లూకా సువార్త భాగాన్ని అతను చెబుతూ, అందులో దేవదూత పలికిన ‘భయపడకుడి’ అన్న మాట దగ్గరకు వచ్చేసరికి, అతని చేతిలోంచి ఆ దుప్పటి జారిపోతుంది. ఎవరూ దాని గురించి ఒక్క మాటా అనరు. కాసేపటికి అదే దుప్పటిని, అందరూ వెక్కిరించిన చిన్న చెట్టు మొదలుకు చుడతాడు.