సైకమోర్ కొమ్మ మీది జిగ్‌కు ఒక లేఖ

చిరునామా: బ్రషీ క్రీక్ అవతలి గట్టు, నీళ్ల మీదికి వంగిన సైకమోర్ చెట్టు, కుడివైపు మూడో కొమ్మ, రౌండ్ రాక్, టెక్సస్.

మహారాజశ్రీ జిగ్ గారికి,

‘ప్రియమైన’ అని మొదలుపెడదామంటే మనసు రాలేదు. నువ్వున్న ఎత్తుకి ‘మహారాజశ్రీ’ సరిపోతుందనిపించింది. ఇక్కణ్నుంచి మాత్రం ఏకవచనమే. నువ్వు చేపల్ని మభ్యపెట్టడానికి గాలం ముల్లుకి దారాలు చుట్టి చేసిన ఉత్తుత్తి ఎరవి. నిన్ను చేత్తో కట్టినవాణ్ణి, ఆ మాత్రం చనువుంటుంది.

పోయిన ఆదివారం సాయంత్రం విసిరిన విసురుకి చేపను వదిలి చెట్టును పట్టావు. అప్పట్నుంచి అక్కడే ఊగుతున్నావు. నడకకు వచ్చిన ఒక పెద్దావిడ నిన్ను చూపించి, ‘ఆ చెట్టుకి పువ్వు పూసిందా?’ అని అడిగింది. ఆ మాట నీ చెవిన పడే ఉంటుంది. కాస్త గాలి తీద్దామని ఈ ఉత్తరం.

ముందు నీ పుట్టుక సంగతి. డైనింగ్ టేబుల్ అంచుకు ముల్లును కదలకుండా పట్టుకునే వైస్ బిగించి, 10వ నంబరు గాలం ముల్లు పెట్టి, కొసన గ్రాము కూడా తూగని సీసం గుండు ఎక్కించాను. ఒంటికి అమ్మాయి స్కూలు ప్రాజెక్టులో మిగిలిన నూగు తీగ. తోకకు మా ఆవిడ పట్టుచీర కుచ్చుల కోసం విజయవాడ నుంచి తెప్పించుకున్న దారం, మామిడి చిగురు రంగుది. ముడి ఊడకుండా పైన గోళ్ల రంగు. కళ్లు అగరుబత్తి పుల్లతో పెట్టాను, ఒకటి కాస్త పెద్దదైంది. ‘ఏమండీ, ఈ ఉండ తగ్గిందేమిటి?’ అన్న ప్రశ్న మూడో రోజుకి వచ్చింది. నీ పరువు కాపాడటానికి నేను ఆడిన అబద్ధం ఇక్కడ రాయను.

వెన్ను మీద నెమలీక పోగు చుడితే నీళ్లలో పురుగు వీపులా మెరుస్తుందని ఈ పని తెలిసినవాళ్లు చెబుతారు. చిన్నప్పుడు నోటు పుస్తకంలో నెమలీక దాచి, పిల్లలు పెట్టిందేమోనని రోజూ తెరిచి చూసినవాణ్ణి నేను. ఇండియా నుంచి పట్టుకొద్దామంటే చట్టం ఒప్పుకోదు. ఇక్కడే దుకాణంలో ప్యాకెట్టు కొన్నాను. ఆరు ఈకలు. అవీ పిల్లలు పెట్టలేదు.

లెక్క కూడా చెబుతాను, విను. నీలాంటిది దుకాణంలో రెండు డాలర్లు. ఇంట్లో కట్టుకుంటే పావు డాలరు. ఈ ఆదా కోసం నేను పెట్టిన పెట్టుబడి 140 డాలర్లు. అంటే ఎనభై జిగ్‌లు కడితే గానీ అసలు రాదు. ఇప్పటికి పదకొండు కట్టాను. తొమ్మిది చెట్ల మీదా రాళ్ల సందుల్లోనూ పోయాయి. నువ్వు పదో దానివి.

ఇక నీ అసలు గర్వానికి వద్దాం. ఆ వాగులో నువ్వు సన్‌ఫిష్‌లనే చిన్న మంచినీటి చేపల్ని నాలుగు పట్టావు. కాదనను. అందులో ఒకటి లాంగ్‌ఇయర్ రకం, అరచేతిలో పట్టేంత. పొట్ట ముదురు నారింజ. బుగ్గల మీద నెమలికంఠం రంగులో వంకర గీతలు. చెవి దగ్గర నల్లటి రెక్క, దాని చుట్టూ సన్నటి తెల్ల అంచు. కలంకారీ వేసేవాడు మధ్యలో లేచి టీకి వెళ్లినట్టు ఆ గీతలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చెయ్యి తడుపుకుని పట్టుకుంటే వేళ్ల మధ్య చల్లగా గింజుకుంది. ముల్లు కొక్కిని ముందే పట్టకారుతో నొక్కేశాను కాబట్టి సులువుగానే ఊడింది. చేప నీళ్లలోకి జారింది, చొక్కా తడిసింది. ఆ క్షణాన నేనూ ఇదంతా నీ గొప్పే అనుకున్నాను.

ఇంటికొచ్చి ఆ చేపల గురించి చదివాను. చదవకుండా ఉండాల్సింది.

వాటి కుటుంబంలోనే బ్లూగిల్ అని ఒకటుంది. 1960లో షికాగో మేయర్ జపాన్ యువరాజు అకిహితోకి వాటిని కానుకగా ఇచ్చాడు. తిండికి పనికొస్తాయేమోనని ఆయన వాటిని తమ దేశంలో పరిశోధన సంస్థకు అప్పగించారు. అవి మెల్లగా బివా సరస్సు దాకా పాకి, అక్కడి చేపల గుడ్లనూ పిల్లలనూ మింగడం మొదలుపెట్టాయి. 2007లో, అప్పటికి చక్రవర్తి అయిన ఆయన, తాను తెచ్చిన చేప వల్ల ఇలా జరిగినందుకు మనసు బాధగా ఉందని నిండు సభలో చెప్పుకున్నారు. అంత ఆకలిగల వంశం నిన్ను నోట పెట్టుకుందంటే అందులో నీ అందచందాల వాటా ఎంత? పెళ్లిలో ఆఖరి బంతికి కూర్చున్నవాడు ఉప్మా వడ్డించినా వద్దనడు.

నమ్మకపోతే పోయిన ఆదివారమే గుర్తు తెచ్చుకో. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఈ రాష్ట్రంలో పదిహేడేళ్లు నిండనివాళ్లకు చేపలు పట్టే లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి దానికి దమ్మిడీ ఖర్చు లేదు. పుట్టినరోజున పగిలిన నారింజ బెలూన్ ముక్కను గాలానికి గుచ్చి నీళ్లలోకి వదిలింది. ఇరవై నిమిషాల్లో ఏడు చేపలు. ‘నాన్నా, నీదానికి కళ్లు కూడా ఉన్నాయి కదా, మరి ఎందుకు పడట్లేదు?’ అంది. నీ కన్ను ఒకటి పెద్దదైన సంగతి దాని దాకా వెళ్లినట్టు లేదు. తర్వాత నేను ఉత్త ముల్లు వేసి చూశాను. దానికీ ఒకటి పడింది.

ఇంకో మాట చెబితే మరీ కుంగిపోతావేమో గానీ, చెప్పక తప్పదు. ఎండలు ముదిరి నీళ్లు వెచ్చబడగానే మగ చేప తోకతో గులకరాళ్లు ఊడ్చి పళ్లెంలాంటి గూడు చేస్తుంది, గుడ్లకు కాపలా కాస్తుంది. నువ్వు పట్టిన మొదటి చేప అలాంటి గూటి మీదిదే. అది నిన్ను తిందామని రాలేదు. ఇంట్లో దొంగ పడ్డాడని కొట్టింది. నువ్వేమో మోజుపడి వచ్చిందనుకున్నావు. నేను దాన్ని గబగబా అదే చోట వదిలాను, అది లేని ఆ కాసేపట్లోనే చుట్టుపక్కలవాళ్లు గుడ్లు కాజేస్తారు కనక.

వేషం కట్టడంలో కూడా నువ్వు మొనగాడివి కాదు. బ్లూగిల్‌లలో కొన్ని మగవి పెద్దగా ఎదగవు, గూడు కట్టవు. ఆడచేపలా కనిపిస్తూ, ఆడచేపలా నడుచుకుంటూ పక్కవాడి గూట్లోకి దర్జాగా వెళ్లి తమ పని కానిచ్చుకుని వస్తాయి. యజమాని పక్కనే ఉంటాడు, కనిపెట్టలేడు. అదీ వేషమంటే! గోళ్ల రంగూ కుచ్చుల దారమూ ఏ మూలకు?

తణుకు దగ్గర మా ఊరి కాలవలో మేం చేపలు పట్టేటప్పుడు ఈ గొడవలేమీ లేవు. వెదురు కర్ర, జీలుగు బెండు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో ఎర్రలు. ఎర్ర ఎప్పుడూ చేపను నేనే పట్టానని చెప్పుకోలేదు. చెప్పుకునేంత వ్యవధి దానికి ఉండేది కాదు. మొన్న వీడియో కాల్‌లో అమ్మకి నిన్నూ లాంగ్‌ఇయర్ ఫోటోనూ చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ‘ఒరే, ఇంతోటి దానికి నెల రోజులు దారాలు చుట్టావా? పరిగెలు నయం కదరా, పులుసైనా అవుతుంది’ అంది. వదిలేశానని చెప్పలేదు. ఇంకా బాధపడుతుంది.

నీ చెట్టుకి కాస్త ఎగువన వాగు మధ్యలో ఒక గుండ్రాయి ఉంది, చూశావా? వెనకటి రోజుల్లో బండ్లూ పశువుల మందలూ అక్కడే వాగు దాటేవి. చక్రాల గాడి ఇప్పటికీ అడుగు రాతి మీద కనిపిస్తుంది. 1854లో ఊరికి ఆ రాయి పేరే పెట్టారు. అదేమీ చేయలేదు, ఊరికే నిలబడి ఊరికి పేరైంది. దాన్ని చూసైనా కాస్త తగ్గు.

అయినా నిన్నక్కడ వదిలేయలేను. నీతోపాటు మూడడుగుల నైలాన్ దారం వేలాడుతోంది, పిట్టల కాళ్లకు చుట్టుకుంటుంది. శనివారం పొద్దున్నే పక్కింటాయన్ని అడిగి కొమ్మలు కోసే పొడుగు కర్ర తెస్తాను. అమ్మాయి కూడా వస్తానంది, బెలూన్ ముక్క అప్పుడే సంచీలో పెట్టుకుంది. నీ తోక ఊడిపోయి ఉంటే మళ్లీ పట్టుదారం కావాలి. కుచ్చుల డబ్బా ఎక్కడ దాచిందో ఇంకా తెలియలేదు.

ఇట్లు,
నిన్ను కట్టినవాడు