తక్కువ పవర్ అద్దాలతో సైట్ ఆగదు
కొంచెం తక్కువ పవర్ అద్దాలిస్తే పిల్లలకి సైట్ (దూరంవి మసకగా కనపడటం) పెరగడం నెమ్మదిస్తుందని కొందరు రాస్తున్నారు, అది మాత్రం ఒప్పుకోలేను. మా పాపకి ఎనిమిదేళ్లప్పుడు మేమూ అదే నమ్మి ఏడాదిపాటు తక్కువ పవర్‌వే పెట్టించాం, సైట్ ఆగలేదు సరికదా బోర్డు సరిగా కనపడక పాపం పక్కపిల్ల నోట్సు చూసి రాసుకునేది. 2002లో వచ్చిన మలేషియా స్టడీలో 94 మంది పిల్లల్ని రెండేళ్లు చూస్తే ఫుల్ పవర్ ఇచ్చినవాళ్లకంటే పవర్ 0.75 తగ్గించి అద్దాలిచ్చినవాళ్లకే సైట్ ఎక్కువ పెరిగింది. అసలు చాలామంది పిల్లల్లో ఇది కనుగుడ్డు పొడవు సాగడం వల్ల వచ్చేది కదా, అద్దాల పవర్ తగ్గిస్తే ఆ సాగడం ఎలా ఆగుతుంది? తర్వాత వేరే డాక్టరు ఫుల్ పవర్ అద్దాలిచ్చి, రాత్రిపూట కంట్లో వేయడానికి సైట్ పెరగడాన్ని నెమ్మదింపజేసే 0.05 శాతం అట్రోపిన్ చుక్కలు రాశారు, ఆర్నెల్లకోసారి కంటి పొడవు కొలుస్తున్నారు, ఇప్పుడు సైట్ పెరగడం బాగా తగ్గింది. రోజూ రెండు గంటలు పగటి వెలుతురులో ఆడుకోవడం ఇంకా సైట్ రాని పిల్లలకే ఎక్కువ మేలన్నారు, అందుకే చిన్నోణ్ణి ఇప్పట్నుంచే బయటికి పంపిస్తున్నాం.