ఎలుకకి తగ్గిన కొలెస్ట్రాల్ మనకెందుకు అమ్ముతున్నారు?

అండాశయాలు తీసేశాక కొలెస్ట్రాల్ పెరిగిందని చెప్పి చూడండి, సలహాలిచ్చేవాళ్లు ఎక్కణ్ణుంచి ఊడిపడతారో తెలీదు. సోయా క్యాప్సూల్స్ వేసుకో అక్కా, చేప నూనె మొదలెట్టు, వెల్లుల్లి మాత్రలైతే సహజమైనవే కదా, ఏమీ కాదు... అవును, కొలెస్ట్రాల్‌కి కూడా ఏమీ కాదు!

అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్నంతకాలం లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని, అదే చెడ్డ కొలెస్ట్రాల్‌ని, బాగానే లాగేసుకుంటుంది. ఆ హార్మోన్ పడిపోతే లాగే రిసెప్టర్లు తగ్గి, అది రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. మామూలు మెనోపాజ్‌లో కొన్నేళ్ల మీద వచ్చే ఈ మార్పు ఆపరేషన్ అయినవాళ్ల మీద ఒక్కసారిగా పడుతుంది. తిండి మారకపోయినా రిపోర్టులో అంకె పెరగొచ్చు. అలాంటప్పుడు "ఏం తింటున్నావో చూసుకో" అని ఆవిడనే నిలదీయడం ఏం న్యాయమండీ?

ప్రకటనల్లో "పరిశోధనల్లో తేలింది" అంటారు చూడండి, వాటిలో కొన్ని అండాశయాలు తీసేసిన ఎలుకల మీద చేసినవి. ఎలుకలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్‌లోనే, అదే మంచి కొలెస్ట్రాల్‌లోనే, ఉంటుంది, మనలో దాన్ని ఎల్‌డీఎల్ వైపు చేరవేసే సీఈటీపీ అనే ప్రోటీన్ ఎలుకకి లేనే లేదు. ఆ లెక్క తెచ్చి మనకి అంటగడితే ఎలా?

మనుషుల మీద 2022లో ఒక ట్రయల్ వచ్చింది. చేప నూనె, వెల్లుల్లి, పసుపు, దాల్చిన చెక్క, ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే కొవ్వులాంటి పదార్థాలు), రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్రగా పులియబెట్టిన బియ్యం) ఒకవైపు, కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్లు రాసే స్టాటిన్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు ఒకవైపు. 28 రోజులకి స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తగ్గింది, మిగతా ఆరూ ఉత్తుత్తి మాత్రని దాటలేదు. రెడ్ ఈస్ట్ రైస్‌లో ఉండే మొనాకోలిన్ కె అచ్చంగా లోవాస్టాటిన్ అనే స్టాటినే. స్టాటిన్ అంటే భయపడి దీన్ని కొనేవాళ్లు, ఎంత మోతాదో తెలియని స్టాటిన్ మింగుతున్నారన్నమాట.

చేప నూనె డబ్బా ఒకటి తీసుకోండి. ముందువైపు పెద్దక్షరాలతో 1000 మిల్లీగ్రాములు. వెనక్కి తిప్పితే మామూలు రకంలో అసలు పనిచేసే ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120, అంతే. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే మరో రకం కొవ్వు, బాగా ఎక్కువున్నవాళ్లకి డాక్టర్లు రాసే ఒమేగా-3 మోతాదు రోజుకి 4 గ్రాములు. ఆ లెక్కన ఎన్ని మింగాలో మీరే చూసుకోండి! పైగా ఎల్‌డీఎల్‌ని అది తగ్గించదు.

ఇసబ్గోల్ లాంటి పీచు రోజూ తీసుకుంటే ఎల్‌డీఎల్ కొంచెం తగ్గుతుంది, కాదనను. కానీ 45 ఏళ్ల లోపే అండాశయాలు పోయినవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సింది హార్మోన్ చికిత్స, అంటే పోయిన ఈస్ట్రోజెన్‌ని మందుగా తీసుకోవడం, తమకి పనికొస్తుందా లేదా అని. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుంటే మాత్ర బదులు చర్మానికి అంటించుకునే ప్యాచ్ గురించి కూడా అడగాలి, ఎందుకంటే నోటితో వేసుకునే ఈస్ట్రోజెన్ వాటిని పెంచుతుంది. డిశ్చార్జి కాగితంలో కుట్లు, బరువులు అన్నీ రాస్తారు గానీ, లిపిడ్ ప్రొఫైల్, అదే కొలెస్ట్రాల్ పరీక్ష, ఎప్పుడు చేయించుకోవాలో ఒక్క లైను రాయడానికి ఏం అడ్డం?