పని ఇచ్చినవాళ్ల ఖాతాలోనే పనివాళ్లు ఉండాలి

సర్వర్ స్లో అయిందని ఫోన్ వస్తే అర్ధరాత్రి లేచి చూస్తాం. 8 కోర్ల మెషీన్‌లో లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వంతు కోసం ఎదురుచూస్తున్న పనుల సగటు సంఖ్య) 250 దాటి ఉంటుంది. ప్రాసెసర్ మాత్రం దాదాపు ఖాళీ. లైనక్స్‌లో డిస్క్ కోసం నిద్రపోతున్న థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో విడివిడిగా నడిచే పనుల వరుసలు) కూడా లోడ్ లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇలా కనిపిస్తుంది. ప్రోగ్రామ్ రాసినవాళ్లను అడిగితే, "మాది మొత్తం అసింక్ కోడ్, ఎక్కడా ఆగదు" అంటారు. అసింక్ అంటే పని అప్పగించి, అది పూర్తయ్యేదాకా ఆగకుండా ముందుకు సాగే పద్ధతి. వాళ్ల మాట నిజమే. వాళ్ల థ్రెడ్ ఆగలేదు, దాని తరఫున వెనక పనిచేసే వర్కర్ థ్రెడ్లు ఆగాయి. అవి ఎన్ని ఉండాలో ఆ ప్రోగ్రామ్‌లో ఎవరూ ఎక్కడా చెప్పలేదు.

నా అభిప్రాయం ఇది. వర్కర్లను ఎప్పుడు పెంచాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కే వదలాలి. ఎంతవరకు పెంచొచ్చన్నది మాత్రం ప్రోగ్రామ్ నడిపేవాళ్లు చెప్పాలి. రెండో పని మనం చేయకపోవడం వల్లే చాలా టెన్షన్ పడుతున్నాం.

అసలు ఈ వర్కర్లు ఎందుకు? నెట్‌వర్క్ సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌కి ప్రోగ్రామ్ వైపు కొస) అయితే, డేటా వచ్చినప్పుడు చెప్పమని లైనక్స్‌లోని ఈపోల్ అనే సౌకర్యాన్ని అడిగి వేరే పని చూసుకోవచ్చు. మామూలు ఫైల్‌కి ఆ సౌకర్యం లేదు. లైనక్స్ పాత అసింక్ పద్ధతి కూడా, పేజ్ క్యాష్‌ను (ఫైళ్ల డేటాను మెమరీలో దాచే చోటు) పక్కనపెట్టి నేరుగా డిస్క్‌తో మాట్లాడినప్పుడే సరిగ్గా పనిచేసేది. అందుకే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌లను సర్వర్‌లో నడిపే నోడ్ జేఎస్ కింద ఉండే లిబ్‌యూవీ లైబ్రరీ, ఫైల్ పనుల కోసం సొంతంగా 4 థ్రెడ్ల పూల్ పెట్టుకుంది. డొమైన్ పేరు వెతకడం లాంటి పనులూ ఆ నాలుగింటి మీదే పడతాయి. నలుగురూ ఒక నెట్‌వర్క్ డిస్క్ దగ్గర ఇరుక్కుంటే, లోకల్ డిస్క్ ఖాళీగా ఉన్నా ఐదో పని క్యూలో నిలబడాల్సిందే. తన నలుగురు పనిలో ఉన్నారో నిద్రలో ఉన్నారో ఆ పూల్‌కి తెలియదు.

ఆ సంగతి తెలిసింది, ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో నిర్ణయించే కెర్నెల్ భాగమైన షెడ్యూలర్‌కి. విండోస్ ఎన్‌టీ 3.5 ఈ విషయాన్ని 1994లోనే వాడుకుంది. పూర్తయిన పనులను థ్రెడ్లకు అందించే దాని కంప్లీషన్ పోర్ట్, పనిలో ఉన్న ఒక థ్రెడ్ మధ్యలో ఆగిపోతే, వెంటనే ఇంకో థ్రెడ్‌ను వదులుతుంది. లైనక్స్ కెర్నెల్ లోపల ఈ పద్ధతి 2010లో టెజున్ హియో రాసిన వర్క్‌క్యూలతో (కెర్నెల్ తన సొంత పనులను వర్కర్లకు పంచే క్యూలతో) వచ్చింది. అంతకుముందు ప్రతి క్యూ ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కో థ్రెడ్ పెట్టుకునేది. కొన్ని పెద్ద మెషీన్లు బూట్ అయ్యేసరికే 32 వేల ప్రాసెస్ నంబర్లు అయిపోయాయని కెర్నెల్ డాక్యుమెంట్లే చెబుతాయి.

2019లో యెన్స్ ఆక్స్‌బో తెచ్చిన ఐఓ యూరింగ్, అంటే ప్రోగ్రామ్‌లు పనులను క్యూలో పెట్టి కెర్నెల్‌కి అప్పగించే లైనక్స్ పద్ధతి, ఇదే దారి పట్టింది. ముందు పనిని ఆగకుండా చేసి చూస్తుంది. సాకెట్ అయితే డేటా వచ్చేదాకా గుర్తుపెట్టుకుని ఊరుకుంటుంది. ఎఫ్‌సింక్ (రాసిన డేటా డిస్క్‌కి చేరేదాకా ఆగే కాల్) లాగా ఆగక తప్పని పనులనే వర్కర్లకు పంపుతుంది. ఉన్న వర్కర్ నిద్రలోకి జారుతుంటే, క్యూలో ఇంకా పని ఉంటే, షెడ్యూలర్ కబురు చేస్తుంది, ఇంకో వర్కర్ లేస్తుంది. 5 సెకన్లు పని లేకపోతే వెళ్లిపోతుంది.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే మార్పు 2021లో లైనక్స్ కెర్నెల్ 5.12 వెర్షన్‌లో జరిగింది. అప్పటిదాకా ఈ వర్కర్లు కెర్నెల్ సొంత థ్రెడ్లు. పని చేసే ముందు, అడిగిన ప్రోగ్రామ్ మెమరీ, ఫైళ్లు, అనుమతులు అన్నీ అరువు తెచ్చుకుని వేషం మార్చేవి. ఆ జాబితాలో ఒక్కటి మర్చిపోయినా పని తప్పు హోదాలో జరిగిపోతుంది. అంటే ప్రతి కొత్త సౌకర్యంతో పాటు ఒక భద్రతా లోపానికి అవకాశం. 5.12 నుంచి వర్కర్ ఆ ప్రోగ్రామ్‌లోని థ్రెడ్‌గానే పుడుతుంది. అరువు అక్కర్లేదు, అన్నీ పుట్టుకతోనే వస్తాయి. టాప్ కమాండ్‌లో ఆ ప్రోగ్రామ్ కిందే కనిపిస్తుంది కూడా. ఎవరి పని వల్ల ఎంతమంది వచ్చారో లెక్క తెలుస్తుంది.

ఆలస్యంగానైనా సరైన నిర్ణయమే. కానీ ఐఓ యూరింగ్ మీద అనుమానం అప్పటికే పెరిగింది. కెర్నెల్‌లో లోపాలు చూపినవాళ్లకు డబ్బిచ్చే తమ బహుమతి పథకానికి వచ్చిన దాడుల్లో 60 శాతం దీన్నే వాడుకున్నాయని గూగుల్ 2023లో ప్రకటించి, తన ప్రొడక్షన్ సర్వర్లలో దీన్ని ఆపేసింది.

ఖాతా సరిదిద్దారు, సంఖ్య మాత్రం అలాగే ఉంది. ఫైళ్లు, డిస్కుల పనికి వర్కర్ల పరిమితి క్యూ సైజు, లేదా కోర్ల సంఖ్యకు 4 రెట్లు, ఏది తక్కువైతే అది. సాకెట్ల లాంటి వాటికి పరిమితి, ఆ యూజర్‌కి అనుమతించిన మొత్తం ప్రాసెస్‌ల సంఖ్య! అంటే ఎవరైనా తెలియక సాకెట్ పనులను బలవంతంగా వర్కర్లకు తోస్తే, వేల థ్రెడ్లు పుట్టొచ్చు. అడ్డా మీద నిలబడ్డ కూలీలందర్నీ లారీ ఎక్కించుకొచ్చే మేస్త్రీని ఏ ఇంటి యజమానీ ఒప్పుకోడు. ఇది ఒక్కోసారి మితిమీరుతుందని మాన్యువల్ పేజీలోనే రాశారు. రాసి వదిలేయడం కంటే డిఫాల్ట్‌నే తగ్గించాల్సింది.

ఇంకో చిక్కు, ఈ పరిమితి ప్రోగ్రామ్ మొత్తానికి కాదు. పని అప్పగించే ఒక్కో థ్రెడ్‌కి విడిగా వర్తిస్తుంది. మొదట చెప్పిన మెషీన్ లెక్కే చూడండి. 8 కోర్లకు 4 రెట్లు అంటే 32. ప్రోగ్రామ్‌లో 8 థ్రెడ్లు పని అప్పగిస్తుంటే 256. అందరూ ఒకే నెమ్మది డిస్క్ మీద ఎఫ్‌సింక్ కోసం నిలబడితే లోడ్ యావరేజ్ 250 దాటదా మరి? ఈ పరిమితిని మార్చుకునే వీలు 5.15 వెర్షన్‌లోనే వచ్చింది. రింగ్ (ఐఓ యూరింగ్ క్యూ) తయారుచేసిన వెంటనే ఒక్క కాల్ చాలు.

2025 సెప్టెంబర్‌లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18 డేటాబేస్ తీరు నాకు నచ్చింది. ఐఓ యూరింగ్ వాడుకునే వీలు ఇస్తూనే, డిఫాల్ట్‌గా సొంత వర్కర్ ప్రాసెస్‌లను పెట్టింది. అవి 3. నెమ్మదైన క్లౌడ్ డిస్కుల మీద నడిచే పెద్ద డేటాబేస్‌కి ఇది తక్కువే, పెంచుకోవాలి. అయితే ఆ 3 అనే అంకె కాన్ఫిగ్ ఫైల్‌లో పేరుతో సహా ఉంటుంది, ఆ వర్కర్లు, ఎవరు ఏ పనిలో ఉన్నారో చూపే యాక్టివిటీ వ్యూలో వరుసగా కనిపిస్తారు. అర్ధరాత్రి లేచినవాళ్లు ముందు అక్కడే చూడొచ్చు.