లివర్ లెక్క గుండెకు సరిపోదు

లివర్‌కి చేసినట్టే గుండె కండరం బిరుసునీ అల్ట్రాసౌండ్‌తో ఒక్క అంకెలో చెప్పేయొచ్చన్నట్టు కొందరు రాస్తుంటారు. అంత తేలిక కాదండీ. ఈ పద్ధతిలో కణజాలాన్ని అడ్డంగా ఊపుతూ పాకే అల (షియర్ తరంగం) వేగాన్ని కొలిచి బిరుసు లెక్కిస్తారు. ఆ వేగం సెకనుకు 2 మీటర్లయితే బిరుసు కొలమానం (షియర్ మాడ్యులస్) సుమారు 4 కిలోపాస్కల్స్, 4 మీటర్లయితే 16. అంటే వేగంలో కాస్త తేడా వచ్చినా ఫలితం బాగా మారిపోతుంది. పైగా ఈ లెక్క మందంగా, అన్ని దిక్కులా ఒకేలా ఉండే కణజాలానికి. గుండె ఎడమ, కుడి గదుల మధ్య గోడ (సెప్టమ్) మందం సెంటీమీటరే, కండర పోగుల దిశేమో పొరపొరకీ మారుతుంది.

గుండె ముడుచుకునే దశలో (సిస్టోల్) ఆరోగ్యంగా ఉన్న కండరమూ గట్టిపడుతుంది కాబట్టి ఈసీజీ చూసుకుని గుండె వదులయ్యే దశ (డయాస్టోల్) చివర్లో కొలవాలి. కవాటం మూసుకున్నప్పుడు పుట్టే తరంగాన్ని వాడుకుందామంటే మామూలు ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్) సెకనుకు వచ్చే 50–80 ఫ్రేములు చాలవు. సెకనుకు 4 మీటర్ల వేగంతో అది 4 సెంటీమీటర్లు దాటడానికి పట్టేది 10 మిల్లీసెకన్లే! పైగా గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మిట్రల్ కవాటం మూసుకునేసరికి సంకోచం మొదలైపోయి ఉంటుంది, అదో చిక్కు.