లంచం రక్తంలో ఉండదు

మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఒకరు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు, చివరికి గుంటూరు నుంచి మా బావ కూడా అదే మెసేజ్ పంపారు. అవినీతి మన రక్తంలోనే ఉందట. విదేశీ కంపెనీలు లంచాలివ్వవట. ప్రపంచానికి తలుపులు బార్లా తెరిచిన దేశాలే శుభ్రంగా ఉన్నాయట, 1991 ఆర్థిక సంస్కరణల తర్వాతే మనకీ కాస్త బుద్ధొచ్చిందట. కింద వరసగా దండాలు, చప్పట్లు. చదువుకున్నవాళ్ళే ఇది పంచుతుంటే ఒళ్ళు మండుతోంది.

1991 సంగతి ముందు తేల్చేద్దాం. ఫోను కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి కాచుకుని, ఎవరో ఒకరి చెయ్యి తడిపే రోజులు పోయాయి. ఆ మేలు కాదనను. కానీ లంచం పోలేదు, లైసెన్సుల దగ్గర నుంచి భూములు, గనులు, స్పెక్ట్రం దగ్గరికి మారింది.

విదేశీ కంపెనీలు లంచాలివ్వవా? జర్మన్ కంపెనీ సీమెన్స్ లంచాల కేసుల్లో 2008లో అమెరికా, జర్మనీలకు కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లు ఊరికే కట్టిందా? అర్జెంటీనా, బంగ్లాదేశ్, వెనిజువెలాల్లోని దాని కంపెనీలు అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాయి. పరాయి దేశపు అధికారికిచ్చిన లంచాన్ని ఖర్చుగా రాసుకుని పన్ను తగ్గించుకోవడం జర్మనీలో 1999 దాకా చట్టబద్ధమే. పుచ్చుకున్నవాడి దేశం పేరు చెడింది, ఇచ్చినవాడి దేశానికి అవినీతి తక్కువున్న దేశాల జాబితాలో మంచి ర్యాంకు వచ్చింది.

ఇక రక్తం. మిగతావి తప్పులు, ఇది విషం. హాంగ్‌కాంగ్ ఎప్పటి నుంచో ప్రపంచానికి తెరిచిన రేవు. అయినా 1970ల మొదట్లో అక్కడ మంటలార్పడానికి వచ్చినవాళ్ళు కూడా డబ్బులడిగేవాళ్ళు, పోలీసులకు మామూళ్ళు నెలనెలా అందేవి. 1974లో ఐసీఏసీ అనే స్వతంత్ర సంస్థ పెట్టి, పెద్ద తలకాయల్ని కూడా వదలకుండా కేసులు పెట్టారు. ఒక తరంలో ఊరు మారిపోయింది. జనం వాళ్ళే. రక్తం ఎక్కించుకున్నారా?

మన ఊళ్ళ చరిత్రే చూడండి. 1778 నుంచి 1780 దాకా ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ రంబోల్డ్ ఉత్తర సర్కారుల జమీందార్ల దగ్గర డబ్బు తిన్నాడని లండన్‌లో పార్లమెంటు దాకా వెళ్ళింది. గుంటూరు సర్కారును కౌలుకి తీసుకుని ఆర్కాటు నవాబుకి కట్టబెట్టింది కూడా ఆయన హయాంలోనే. కంపెనీ డైరెక్టర్లు 1781లో ఆయన్ని బర్తరఫ్ చేశారు, శిక్ష మాత్రం పడలేదు. ఆయనది ఏ రక్తం? బెజవాడలో బ్రోకర్ లేకుండా డ్రైవింగ్ లైసెన్స్ రాదనే కుర్రాడు డాలస్‌లో బుద్ధిగా పరీక్ష పాసై తెచ్చుకుంటున్నాడు. విమానంలో రక్తం మారిందా? రక్తంలోనే ఉందని నమ్మినవాడు ఏసీబీకి ఫోన్ చెయ్యడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగినంతా ఇచ్చేసి, మనవాళ్ళింతే అనుకుంటూ ఇంటికొస్తాడు. ఈ మెసేజ్ చేసే అసలు నష్టం అదే.

ర్యాంకుల గురించి ఒక్క మాట. మలేషియాలో 1ఎండీబీ అనే ప్రభుత్వ నిధి నుంచి కాజేసిన డబ్బు నడిచింది స్విస్, సింగపూర్ బ్యాంకుల్లో కూడా. రెండూ ఆ శుభ్రమైన జాబితాలో పైనున్న దేశాలే.

తలుపులు మూసెయ్యమని నేననడం లేదు. మిర్చి యార్డుకి వచ్చే రైతు ధర చైనా, థాయ్‌లాండ్ కొనుగోళ్ళ మీద కూడా ఆధారపడి ఉందని నాకూ తెలుసు. ఇంకో మాట, ఇది ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంది. చెన్నైలో క్యాంపస్ అనుమతి కోసం 20 లక్షల డాలర్ల లంచం వ్యవహారంలో అమెరికా ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ 2019లో 2.5 కోట్ల డాలర్లు కట్టింది మన ప్రభుత్వానికి కాదు, అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి. పరాయి దేశంలో లంచమిచ్చినా నేరమేనని వాళ్ళు 1977లోనే చట్టం చేసుకున్నారు.

మన కంపెనీలు ఇప్పుడు ఆఫ్రికాలో కాంట్రాక్టులు చేస్తున్నాయి. అక్కడి అధికారికి మనవాళ్ళు లంచమిస్తే ఇక్కడ శిక్షించడానికి 2011లో పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. 2014లో లోక్‌సభ గడువుతో పాటే అది మురిగిపోయింది.